గాలి తోలుతుంది, కొడుతుంది, మళ్ళుతుంది

గాలి అన్న మాటకి తనంతట తానుగా ఏ పనీ చేతకాదు. పక్కన ఒక క్రియ వచ్చి చేరాకే అది పిల్లగాలో, తుపానో, సైకిల్ ట్యూబులో ఇరుక్కున్న గుప్పెడు ఊపిరో, చంటిబిడ్డకి సోకిన జబ్బో తేలుతుంది. వీస్తే ఒకటి, వేస్తే ఇంకొకటి. కొడితే ఒక అర్థం, కొట్టిస్తే మరో అర్థం. ఆడకపోతే గదికి చేటు, తీసేస్తే మనిషి పరువుకి చేటు. విశాఖపట్నం లాంటి ఊళ్ళో, ఒకవైపు సముద్రం, మరోవైపు రేవు, ఊరి చివర ఉక్కు కొలుములు, వెనక కొండలు ఉన్నచోట, ఈ ఒక్క నామవాచకం చుట్టూ ఎన్ని క్రియలు కాపురం చేస్తున్నాయో గమనిస్తే వాటిని ఏరి కూర్చినవాళ్ళ పనితనానికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఏరినవాళ్ళు కవులు కారు. వేటకెళ్ళేవాళ్ళు, పంక్చర్లు వేసేవాళ్ళు, పసిపిల్లల్ని పెంచినవాళ్ళు, వాతావరణ ప్రకటనల్ని రాత్రికి రాత్రి తెలుగు చేసిన పత్రికల సబెడిటర్లు.

నామవాచకం ఒక క్రియతో జతకట్టి, రెండూ విడివిడిగా ఇవ్వని అర్థాన్ని ఇస్తే మన వ్యాకర్తలు దాన్ని శబ్దపల్లవం అన్నారు. చేపట్టు, మేలుకొను, కాలుదువ్వు అంటూ బళ్ళో ఉదాహరణలు వల్లె వేయిస్తారు. కాలు దువ్వేవాడి చేతిలో దువ్వెన ఉండదని పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేదు, తెలుసు. చెప్పవలసిందల్లా ఏ నామవాచకం ఏ క్రియని ఒప్పుకుంటుందో, ఏది వద్దంటుందో. దానికి సూత్రం లేదు. చెట్టు కాస్తుంది, ఎండ కాస్తుంది, వెన్నెల కాస్తుంది, వాన మాత్రం కాయదు. వాన పడుతుంది, కురుస్తుంది, కొడుతుంది, మరీ పెద్దదైతే దంచుతుంది. చలి పెడుతుంది, ఉక్క పోస్తుంది. బయటి భాష నుంచి తెలుగులోకి వచ్చినవాళ్ళు విభక్తులన్నీ నేర్చేసుకుని కూడా ఇక్కడ దొరికిపోతారు. ఎండ పడుతోంది అంటారు. తప్పేమీ లేదు, అర్థమవుతుంది. అయినా వినగానే, ఈ మనిషి మన ఎండలో పెరగలేదని తెలిసిపోతుంది.

ఉక్క అన్నాను కాబట్టి ఒక పక్కదారి. విశాఖలో రెండు పోతలున్నాయి. మే నెలలో ఊరంతటికీ ఉక్కపోత, ఏడాది పొడుగునా కూర్మన్నపాలెం అవతల ఉక్కు పోత. రెండింటికీ పోయడమే క్రియ. ఒకదాన్ని పోసేవాళ్ళకి జీతాలుంటాయి, రెండోదాన్ని ఎవరు పోస్తున్నారో తెలీదు. ఉక్క పోస్తోంది అన్న వాక్యంలో కర్త ఎవరని అడిగితే వ్యాకరణం మాస్టారు కూడా పైపంచతో మెడ తుడుచుకోవాల్సిందే.

అసలు దారికొద్దాం. గాలి కదులుతోందని చెప్పడానికి తెలుగులో తిన్నని మాట వీచు. మర్యాదస్తుల క్రియ. రేడియోలో, పాఠ్యపుస్తకంలో, ప్రేమకథల్లో గాలి వీస్తుంది. ఇంటి అరుగు మీద కూర్చున్నవాళ్ళకి మాత్రం వీయదు, వేస్తుంది. "సల్లగాలేస్తంది, బయట కూకో" అంటుంది ముసలమ్మ. వేయడం ఇచ్చే చేతికి దగ్గరగా ఉన్న క్రియ. కంచంలో కూర వేసినట్టుగా ఆ గాలిని ఎవరో మన కోసం వేశారన్న ఊహ అందులో ఉంది. వీచడంలో ఆ దయ లేదు, మనమున్నా లేకపోయినా అది వీస్తూనే ఉంటుంది.

ఇక తోలడం. కోస్తాలో చాలాచోట్ల గాలి తోలుతుంది. నాకు తెలిసినంతలో ఈ జంటని మించిన పనితనం తెలుగులో అరుదు. తోలడమంటే ఏమిటి? పశువుల్ని తోలుతాం, బండి తోలుతాం, ఈగల్ని తోలుతాం, పల్లపు స్థలానికి మట్టి తోలిస్తాం. అన్నిట్లోనూ తోలేవాడొకడు, తోలించుకునేది ఒకటి ఉంటాయి. గాలి తోలుతోంది అన్నప్పుడు రెండోది మాయమైంది. దేన్ని తోలుతోంది? చెప్పరు. మబ్బునా, ఇసుకనా, తాడు మీద ఆరేసిన చీరనా, రోడ్డు మీద నడుస్తున్న మనల్నా? కర్మపదం ఖాళీగా వదిలేసిన ఆ జాగాలోకి కంటికి కనిపించే ప్రతీదీ వచ్చి చేరుతుంది. కూర్చున్నచోట ఏదీ కుదురుగా ఉండనివ్వని గాలిని చెప్పడానికి విశేషణం ఒక్కటి కూడా ఖర్చు పెట్టలేదు. బీచిరోడ్డు మీద జూన్ సాయంత్రం మొక్కజొన్న పొత్తులు కాల్చే బండి దగ్గర నిలబడితే ఆ క్రియ ఎంత లెక్కగా ఏరినదో తెలుస్తుంది. నిప్పురవ్వలు ఒకవైపే పోతుంటాయి.

కొట్టు అన్నది ఆ పైమెట్టు. తోలేది నెడుతుంది, కొట్టేది తాకుతుంది. గాలి తోలుతోంటే కిటికీ వేసుకోవచ్చా మానొచ్చా అని ఆలోచిస్తాం, కొడుతోంటే లేచి వేసేస్తాం. ఇంకో మెట్టెక్కితే తెలుగువాళ్ళు నామవాచకాన్నే మార్చేస్తారు. ఈదురుగాలి అంటారు, సుడిగాలి అంటారు, గాలివాన అంటారు. గాలివాన వీస్తుందని ఎవరూ అనరు. వస్తుంది, లేదా వచ్చి పడుతుంది.

ఇంత సూక్ష్మం ఎలా పట్టుబడిందంటే, గాలి మీద ఆధారపడి బతికినవాళ్ళ నోట నానింది కాబట్టి. పెదజాలారిపేట లాంటి పల్లెల్లో తెప్పల మీద వేటకెళ్ళిన తరాలకి రోజుకి రెండు గాలులు. తెల్లవారుజామున నేల మీంచి సముద్రం మీదకి పోయే గాలిలో తెరచాప ఎత్తి వెళ్ళడం, ఎండెక్కాక సముద్రం మీంచి నేల మీదకి మళ్ళే గాలిలో తిరిగి రావడం. నేల తొందరగా వేడెక్కి తొందరగా చల్లారుతుంది, నీరు రెండింటికీ ఆలస్యం చేస్తుంది. ఆ తేడానే గాలికి దారి. బడిపుస్తకంలో అది భౌతికశాస్త్రం, తెప్ప మీద అది ఇంటికి చేరడమో చేరకపోవడమో. అలాంటిచోట గాలి తగ్గడం, ఆగడం, పడిపోవడం ఒకటి కావు. తగ్గితే వేగం తగ్గింది, చాప ఇంకా నిండుగానే ఉంది. ఆగితే కాసేపట్లో మళ్ళీ వస్తుందన్న ఆశ మిగులుతుంది. పడిపోయిందంటే చాప వాలిపోయిందన్నమాట, ఇక తెడ్లే దిక్కు. మళ్ళడం వీటన్నిటికంటే పెద్ద వార్త. గాలి మళ్ళితే దిక్కు మారుతుంది, దిక్కు మారితే లెక్కలన్నీ మారతాయి. ఎన్నికలొచ్చినప్పుడు పత్రికలవాళ్ళు గాలి మళ్ళింది, గాలి అటు తిరిగింది అని రాస్తారే, ఆ జంటని సముద్రం మీద తరాలపాటు నలగ్గొట్టిన తర్వాతే రాజకీయం వాడుకుంది. ఇప్పుడు పడవలకి ఇంజన్లొచ్చాయి, చాపలు పోయాయి. క్రియలు మాత్రం పోలేదు.

మళ్ళు, ఆగు లాంటివి గాలి తనకు తానుగా చేసే పనులు. మనిషి గాలికి చేసేవి వేరే. వాటిలో కూడా ఎంత నేర్పో చూడండి. సైకిలు షాపువాడు గాలి కొడతాడు, మనం కొట్టించుకుంటాం. బుడగలో ఊదుతాం, విసనకర్రతో విసురుతాం. టైరులో గాలి పోతే మేకు తప్పు, తీసేస్తే కుర్రాళ్ళ అల్లరి. పోవడానికీ తీయడానికీ మధ్య ఎవరి చెయ్యో ఉంది. అందుకే నలుగురిలో ఒకడి గొప్పలు కూలగొడితే వాడి గాలి తీశారు అంటాం. గాలి పోయింది అంటే వాడంతట వాడే చల్లబడ్డాడని అర్థం, ఇంక ఎవరికీ పేరు రాదు.

ఒంటి దగ్గరికొచ్చేసరికి ఈ ఏరివేత మరీ జాగ్రత్తగా జరిగింది. బిడ్డకి గాలి తగలనీ అంటే మంచిదే. గాలి సోకింది అంటే మంచిది కాదు. గాలి పట్టింది అంటే వైద్యుడి దగ్గరకో, వేపమండ పట్టినవాళ్ళ దగ్గరకో పరుగెత్తాలి. తగలడం చర్మం దగ్గర ఆగిపోయే క్రియ, సోకడం లోపలికి జొరబడేది, పట్టడం వదలనిది. పట్టినదాన్ని వదిలించాలి, తగిలినదానికి వదిలింపు అక్కర్లేదు. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, మూడు క్రియల్లో ఒక జబ్బు ముదిరే క్రమమంతా ఉంది. గదిలో గాలి ఆడాలి, మనిషికి ఊపిరాడాలి. ఆడడమంటే ఇక్కడ అడ్డులేకుండా అటూ ఇటూ తిరగడం. పనిలో కంగారు పడినవాడికి చేతులాడవు అనడంలో ఉన్నదీ ఆ ఆటే.

ఈ వరసలోనే తెలుగు చేసిన ఒక చిత్రం చెప్పాలి. వైద్యుడు ప్రాణం పోశాడు, వైద్యుడు రాకముందే ప్రాణం పోయింది. పోసిందీ పోయిందీ పలికేటప్పుడు ఒక్క హల్లు తేడా. ధాతువులు వేరు, ఒకటి పోయు, ఒకటి పోవు. ఒకే నామవాచకానికి అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి కాపలా కాస్తున్నాయి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఇళ్ళ మీదకి వచ్చి 12 మంది చనిపోయినప్పుడు వార్తలన్నీ గ్యాస్ లీకైంది అన్నాయి. లీకవడం ట్యాంకు వైపు నుంచి చూసిన క్రియ. గొట్టానికి, కవాటానికి, యంత్రానికి సంబంధించింది. ఇళ్ళవైపు నుంచి చూస్తే ఆ రాత్రి క్రియ పీల్చడం. గాలి పీల్చి పడిపోయారు. తినడం మానొచ్చు, తాగడం మానొచ్చు, పీల్చడం మానడానికి నిమిషాల కంటే ఎక్కువ వ్యవధి మనిషికి లేదు. ఏ క్రియని ఎంచుకున్నామో దాన్నిబట్టి మనం కంచెకి ఏ వైపు నిలబడి రాస్తున్నామో బయటపడుతుంది.

క్రియల విషయంలో విశాఖపట్నానికి ఒక పాత గొడవ కూడా ఉంది, మంచి గొడవ. 1907 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాల బడులు తనిఖీ చేసే జె.ఎ. యేట్స్ అనే దొరకి ఒక సందేహం వచ్చింది. తను పుస్తకాల్లో నేర్చిన తెలుగుకీ, బయట జనం మాట్లాడే తెలుగుకీ ఇంత ఎడమేమిటని. విశాఖ మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే ఆయన గురజాడనీ గిడుగునీ అడగమన్నారు. వాడుకభాషా ఉద్యమం అక్కడ వేడెక్కింది. ఎడమంతా నామవాచకాల్లో ఉందనుకుంటే పొరపాటు. చెట్టు అక్కడా చెట్టే, ఇక్కడా చెట్టే. తేడా క్రియ దగ్గర. పుస్తకంలో మనుషులు అరుదెంచేవారు, ఏతెంచేవారు, అరిగేవారు, చనేవారు. బయట వచ్చేవారు, పోయేవారు. రోజూ అన్నం తినే పిల్లవాడు పరీక్షలో భుజించవలసి వచ్చేది. నామవాచకాన్ని అప్పు తెచ్చుకున్నా భాష ఓర్చుకుంటుంది. క్రియని అద్దెకి తెచ్చుకుంటే వాక్యం మొత్తం అద్దె ఇల్లైపోతుంది.

ఆ తర్వాత ఇదే ఊళ్ళో వాల్తేరు కొండ మీద, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు క్రియాధాతువుల మీదే పరిశోధన చేశారు. 1961లో పుస్తకంగా వచ్చిన ఆ పని ద్రావిడ భాషాశాస్త్రంలో ఒక మైలురాయి. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన ఆయన వ్యవసాయ పదకోశం నాకు మరీ ఇష్టం. జిల్లా జిల్లాకీ పోయి, దుక్కి దున్నేవాణ్ణి, కుప్ప నూర్చేవాణ్ణి అడిగి మాటలు కూర్చిన పుస్తకం అది. పని చేసేవాణ్ణే అడగాలన్న పద్ధతిలో ఒక వినయం ఉంది. గాలి వచ్చినప్పుడే తూర్పారబట్టుకోవాలి అన్న సామెత తెలుసు కదా. గింజనీ పొల్లునీ ఎత్తి పోస్తే గాలి పొల్లుని తీసుకుపోతుంది, గింజ కాళ్ళ దగ్గర రాలుతుంది. ఆ పని కళ్ళాల్లో మరపడ్డాక క్రియకి ఉపాధి పోతుందేమో అనుకున్నాను. పోలేదు, శాసనసభకి వెళ్ళింది. ప్రతిపక్షం ప్రభుత్వాన్ని తూర్పారబట్టింది అని రోజూ చదువుతున్నాం. అలా రాసేవాళ్ళలో ఎంతమంది చాట పట్టుకుని గాలికి ఎదురు నిలబడ్డారో తెలీదు గానీ, పొల్లు వేరుచేయడం అన్న భావం మాత్రం చెక్కుచెదరలేదు.

కథల్లో ఈ క్రియలు ఏరే పని చేసినవాళ్ళలో మా ఊరివాడు రాచకొండ విశ్వనాథశాస్త్రి. 1922లో పుట్టి 1993లో పోయిన ఆయన వృత్తి ప్లీడరీ. కోర్టులో క్రియ విలువ అందరికంటే బాగా తెలిసేది ప్లీడరుకే. తోశాడు అంటే ఒక సెక్షను, కొట్టాడు అంటే ఒక సెక్షను, పడిపోయాడు అంటే కేసే లేదు. సాక్షి నోట ఏ క్రియ పలికిందన్న దాని మీద ఒక మనిషి ఇంటికి పోవడమో జైలుకి పోవడమో తేలేచోట రోజులు గడిపినవాడి వాక్యం అలా బిగుసుకుపోవడంలో వింత లేదు. ఆయన తన రచనలకి పెట్టిన పేర్లు చూడండి. గోవులొస్తున్నాయి జాగ్రత్త, సొమ్మలు పోనాయండి. చాలామంది రచయితలు పెట్టిన పేర్లు నామవాచకాలతో నిలబడితే, ఇవి క్రియల మీద నడుస్తాయి. సొమ్మలంటే ఉత్తరాంధ్రలో పశువులు. పోయాయి అనకుండా పోనాయి అనడంతో మాట్లాడేవాడి ఊరు, కులం, చేతిలో చిల్లిగవ్వ లేనితనం తెలిసిపోయాయి. తప్పిపోయాయా, దొంగలెత్తుకుపోయారా, చచ్చాయా, పోవడం అన్న ఒక్క క్రియలో అన్నీ ఇమిడాయి. చివరి 'అండి' దగ్గరకొచ్చేసరికి ఎదుట ఎవరో అధికారి కుర్చీలో కూర్చుని ఉన్నాడని కూడా తెలుస్తుంది. కథ ఇంకా మొదలవలేదు.

ఉక్కు ఫ్యాక్టరీలో గాలి కథ వేరు. ఇనుము తీసేది మొదట్నుంచీ గాలితోనే. పల్లెలో కమ్మరి తిత్తి ఊదితే కొలిమి రాజుకుంటుంది. ఊదడం నోటి క్రియ, తోలుతిత్తికి అప్పిచ్చారు. విశాఖ ఉక్కు కొలుములకీ అదే సూత్రం. కాకపోతే తిత్తి స్థానంలో పెద్ద పెద్ద యంత్రాలు, చల్లగాలి స్థానంలో వెయ్యి డిగ్రీలు దాటి కాగిన గాలి. దాన్ని కొలిమి అడుగున చుట్టూ ఉన్న గొట్టాల్లోంచి లోపలికి కొడితే కోక్ మండుతుంది, ఖనిజంలోంచి ఇనుము కరిగి కిందికి దిగుతుంది, చిట్టెం దాని మీద తేలుతుంది. ఇంగ్లీషువాళ్ళు కూడా కొత్త కొలిమిని మొదలుపెట్టడాన్ని ఊదడమనే క్రియతోనే చెబుతారు. మన పత్రికలు మాత్రం ప్రారంభించారు అని రాసి ఊరుకున్నాయి. కల్యాణమండపానికీ, కాలువకీ, కొలిమికీ ఒకటే క్రియ. 1990లో మొదటి కొలిమి వెలిగినప్పుడు రాజేశారు అని ఎవరైనా రాసి ఉంటే ఎంత బాగుండేది. 1966లో రోడ్లెక్కి విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అన్న ఊరికి ఆ మాట తగినది కూడా.

కొలుములకి పేర్లు పెట్టినవాళ్ళు మాత్రం క్రియ తెలిసినవాళ్ళు. మొదటిది గోదావరి, రెండోది కృష్ణ. నది పారుతుంది, కరిగిన ఇనుమూ పారుతుంది. గాలి ఆగితే లోపలున్నది గడ్డకడుతుంది, గడ్డకట్టిన కొలిమిని బతికించడం నెలల పని. అందుకే ఒకసారి రాజేశాక ఏళ్ళ తరబడి రాత్రీ పగలూ దాన్ని ఆర్పరు. మూడోదానికి అన్నపూర్ణ అని పెట్టారు. అక్కడికొచ్చేసరికి పారడం మాని వడ్డించడం మొదలెట్టాలనుకున్నారేమో.

రేవు పుట్టుకలోనూ క్రియలతో ఒక చమత్కారం జరిగింది. డాల్ఫిన్స్ నోస్ కొండ గాలికి అడ్డం నిలబడింది కాబట్టే ఇక్కడ లోపలి రేవు తవ్వారు. 1933లో అది తెరుచుకుంది. నోటి దగ్గర అలల్ని ఆపడానికి రెండు పాత ఓడల్ని ముంచారు. ఓడ మునిగింది అంటే దుర్వార్త, ఓడని ముంచారు అంటే కుట్ర. ఇక్కడ మాత్రం ముంచడం ఇంజనీర్ల పని, జీతం తీసుకుని చేసిన పని. ఆ క్రియకి అంత గౌరవం ఇంకెక్కడా దక్కి ఉండదు.

చివరిగా తుపాను. 1974 నుంచి విశాఖలో తుపాను హెచ్చరికల కేంద్రం ఉంది. దాని ప్రకటనల్ని తెలుగులోకి దించిన అజ్ఞాత అనువాదకుల పనితనం గురించి ఎవరూ ఒక వ్యాసమైనా రాయలేదు. అల్పపీడనం ఏర్పడింది. వాయుగుండంగా మారింది. తుపానుగా బలపడింది. బలహీనపడింది. ఏర్పడు, బలపడు, బలహీనపడు, అన్నిట్లోనూ పడు. ఎవరూ చేయకుండా దానంతట అది జరిగేదానికి తెలుగు ఉంచుకున్న క్రియ అది. దాని వెనక లెక్కలు మాత్రం గట్టివి. గాలి గంటకి 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 62 దాటితే తుపాను, 89 దాటితే తీవ్ర తుపాను, 118 దాటితే అతి తీవ్ర తుపాను. బలపడింది అన్న ఒక్క మాట పలకడానికి ముందు ఎవరో ఈ గీతల్లో ఒకటి దాటిందని సరిచూసుకున్నారు.

వీటన్నిటిలోకీ మేలైన ఎంపిక తీరం దాటడం. తాకింది అని ఉండొచ్చు, చేరింది అని ఉండొచ్చు. రెండూ సగం నిజాలు. దాటడానికి అటూ ఇటూ రెండు పక్కలుండాలి. ఏరు దాటుతాం, గడప దాటుతాం, హద్దు దాటుతాం, దాటాక అవతల ఇంకా దారి ఉంటుంది. 2014 అక్టోబరు 12 ఆదివారం మధ్యాహ్నం హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకి 170 నుంచి 180 కిలోమీటర్ల వేగంతో ఉంది. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది, కొండల మీద చెట్లు ఆకుల్లేకుండా నిలబడిపోయాయి. ఆ రోజు గాలికి ఊళ్ళో వాడిన క్రియలు నిఘంటువులో ఒక పేజీకి సరిపోతాయి. ఊపేసింది, పీకేసింది, విరిచేసింది, ఎత్తుకుపోయింది. అన్నిటికీ వెనక ఒక 'వేయు' లేదా 'పోవు', అంటే పని పూర్తయిందనీ, ఇక చేసేదేం లేదనీ చెప్పే తోక. అయితే దాటడంతో తుపాను అయిపోలేదు. అది ఛత్తీస్‌గఢ్ మీదుగా ఉత్తరానికి సాగి, రెండు రోజులకి నేపాల్ కొండల్లో మంచుగా కురిసి 40 మందికి పైగా పొట్టన పెట్టుకుంది. దాటింది అన్న క్రియని ఎంచినవాడికి ఆ అవతలి దారి తెలుసు.

ఈమధ్య టీవీల్లో తుపాను ల్యాండ్‌ఫాల్ అవుతోంది. దాటడం, ఏర్పడడం, మళ్ళడం అన్నీ పక్కన పెట్టి ఇంగ్లీషు నామవాచకానికి ఒక అవు, ఒక చేయు తగిలించి పని కానిచ్చేస్తున్నాం. నామవాచకం ఇంగ్లీషుదైనందుకు నాకు బెంగ లేదు. బస్సు మనది కాదు, అయినా బస్సెక్కుతాం, బస్సు దిగుతాం, బస్సు తప్పిపోతుంది, బస్సు పట్టుకుంటాం. ఎంత చక్కగా కలిపేసుకున్నాం! ఏ మాటొచ్చినా దానికి తగ్గ క్రియ వెతికిపెట్టే ఆ శ్రద్ధ ఉండేది. చేయు అన్నది అన్ని తాళాలకీ తిరిగే దొంగ తాళంచెవి. తలుపు తెరుచుకుంటుంది, నిజమే.

రేవు దగ్గర మాత్రం ఒక క్రియ ఇంకా పట్టు వదల్లేదు. తుపాను వస్తుందంటే పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేశారు అని రాస్తారు. హెచ్చరికని ఎగరేయడమేమిటి? ఒకప్పుడు నిజంగానే ఎగరేసేవారు. పగలైతే స్తంభానికి నల్లటి శంకువులూ డోళ్ళూ ఎత్తేవారు, రాత్రైతే ఎరుపు తెలుపు దీపాలు. సముద్రంలో ఉన్నవాడు దూరం నుంచి చూసి నంబరు చదువుకునేవాడు. మొత్తం 11 నంబర్లు. మొదటి రెండూ ఎక్కడో దూరాన ఏదో పుట్టిందని చెబుతాయి. మూడు, నాలుగు ఈ రేవుకే గాలి తగలొచ్చని. అయిదు నుంచి ఏడు వరకు ప్రమాదం, తుపాను రేవుకి ఎడంగా పోతుందా, కుడిగా పోతుందా, నెత్తి మీదుగానే పోతుందా అన్న వివరంతో సహా. ఎనిమిది నుంచి పది వరకు అదే వరస, తీవ్రత మాత్రం ఎక్కువ. పదకొండోది ఎగిరిందంటే హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని, ఇక ఎవరి అంచనా వారిదేనని. ఇప్పుడు కబురు ఫోన్లో వస్తుంది, ఉపగ్రహం బొమ్మ పంపుతుంది, స్తంభం వైపు తలెత్తి చూసేవాళ్ళు తక్కువ. అయినా పత్రికలో హెచ్చరిక ఎగురుతూనే ఉంది.

అంత అందంగా ఎగరేసినదాన్ని తుపాను వెళ్ళిపోయాక మాత్రం ఉపసంహరిస్తారు. ఆఫీసు కాగితం మీద సంతకం పెట్టినట్టుగా. ఎగరేసినదాన్ని దించాలి కదా! జెండా దించుతాం, చాప దించుతాం, లంగరు దించుతాం. రేవులో అన్నీ దిగుతాయి, హెచ్చరిక ఒక్కటే ఎందుకో దిగదు. వచ్చే తుపానుకైనా ఏ సబెడిటరో రాత్రి డ్యూటీలో ఆ మాట మారుస్తాడని చూస్తున్నాను.